డి.వి.డి. చిత్రములను ఫైళ్లుగ మార్చి భద్రపఱచుకొను విధము



మన హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతములలో అనేకుల యిండ్లయందు అల్మారు తెఱచినచో పలుచని పెట్టెలలోనో, కాగితపు తొడుగులలోనో దాచియుంచిన డి.వి.డి. డిస్కులు కనబడుచుండును. వానిపై మార్కరు పేనాతో "అక్క పెండ్లి" అనియో, "బడి వార్షికోత్సవము" అనియో, "తేరు" అనియో వ్రాసియుండును. క్యాసెట్ల కాలము గడచిన తరువాత పెండ్లిండ్లను, ఉత్సవములను చిత్రించు స్టూడియోలవారు చాలకాలము డి.వి.డి.లనే యిచ్చుచు వచ్చిరి. క్యాసెట్లలో నున్న పాత చిత్రములను గూడ పలువురు డి.వి.డి.లలోనికి ఎక్కించుకొనిరి. కాని నేడు ఆ డిస్కులను చూచుటకు సాధనము లేక అవి అల్మారులోనే పడియున్నవి. వానిలోని చిత్రములను కంప్యూటరు ఫైళ్లుగ మార్చుకొనుట యెట్లు? మార్చినవానిని ఇంట చూచుట యెట్లు? ఆ పనిలో ఏయే జాగ్రత్తలు వలయును? ఈ విషయములను ఈ వ్యాసమున వివరించెదను.

ఈ పని యిప్పుడే యేల?

డి.వి.డి. పద్ధతి 1996వ సంవత్సరమున జపాను దేశమునందు మొదట అమ్మకమునకు వచ్చినది. మన ఊళ్లలో అది వ్యాపించుటకు మఱికొన్ని యేండ్లు పట్టెను. ఇప్పుడు దాని కాలము ముగియుచున్నది. క్రొత్తగ కొను ల్యాప్‌టాప్ కంప్యూటర్లలో చాలవానికి డిస్కు పెట్టు అర లేదు. మన దేశమున డిస్కులను విస్తారముగ తయారుచేసిన మోసర్ బేర్ సంస్థను మూసివేయుటకు 2018లో ఉత్తరువైనది. ఇంటనున్న ప్లేయరు చెడినచో బాగుచేయువారు దొరకుటయు కష్టమగుచున్నది.

సాధనము మాట యటుండ, డిస్కును శాశ్వతమైనది కాదు. కర్మాగారమున తయారైన సినిమా డిస్కునకును, స్టూడియోలో వ్రాసి యిచ్చిన డిస్కునకును భేదము కలదు. మొదటిదానియందు గుర్తులు ప్లాస్టికుపై అచ్చొత్తబడి, వానిమీద లోహపు పూత యుండును. రెండవదానియందొక రంగుపొర యుండును. లేజరు కిరణముచే ఆ పొరను అక్కడక్కడ మార్చి గుర్తులు చేయుదురు. బట్టకు వేసిన రంగు ఎండకు వెలసినట్లు ఆ పొరయు వెలుతురునకు, వేడికి, తేమకు క్రమముగ చెడును. మన పెండ్లి చిత్రములును, బడి నాటకములును ఉన్నవి ఈ రెండవ జాతి డిస్కులయందే.

సినిమా డిస్కు చెడినచో విచారింప బనిలేదు. ఆ సినిమా మఱియొక చోట దొరకును. కాని మన యింటి అవ్వ పెండ్లిపందిటిలో పాడిన నలుగుపాట మఱియొక చోట దొరకునా? పదునైదేండ్ల క్రిందట మన బడిపిల్లలు ఆడిన నాటకము వేఱొకచోట నున్నదా? మన ప్రాంతమున తెలుగు చాలమందికి ఇంటిభాష. అంగడికి పోయినచో తమిళము, ఎల్లదాటినచో కన్నడము మన చెవులబడుచుండును. ఈ మూడు భాషల నడుమ మన పెద్దలు పలికిన తెలుగునకు దానిదే యగు యాసయు, నుడికారమును కలవు. అది పాఠ్యపుస్తకములయందు లేదు, సినిమాలయందును లేదు. ఆ పెద్దలలో పలువురు నేడు లేరు. వారి గొంతునకు ఆ యొక్క డిస్కే సాక్షి.

పూర్వము తాళపత్ర గ్రంథములు పురుగు పట్టకముందే వ్రాయసకాండ్రు వానికి ప్రతులు వ్రాసిరి. ప్రతి యెత్తిన గ్రంథములు మనకు దక్కినవి, ఎత్తనివి నశించినవి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయమున నేటికిని తెలుగు తాళపత్రములు నిలిచియుండుట అట్టి శ్రద్ధ వలననే. తమిళనేలపై తెలుగును కాపాడిన ఆ పని యెట్టిదో, మన యింటి డిస్కులకు ప్రతులెత్తుటయు చిన్నపాటిగ అట్టిదే.

డిస్కులో నున్నదేమి?

పనిలో దిగుటకు ముందు వస్తువును గూర్చి తెలిసికొనుట మంచిది. డి.వి.డి. యనునది 12 సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము గల గుండ్రని పలక. నిజమునకది ఒక్క పలక కాదు. 0.6 మిల్లీమీటర్ల మందముగల రెండు పలకలను అతికి దీనిని చేయుదురు. గుర్తులుండు పొర ఆ రెంటి నడుమ నుండును. ఆ గుర్తులు కేంద్రము నుండి బయలుదేఱి వెలుపలి యంచు వఱకు చుట్టుకొనుచు పోవు ఒకే దారిలో వరుసగ నుండును. చుట్టునకును చుట్టునకును నడుమ దూరము 0.74 మైక్రోమీటరు మాత్రమే. అనగా ఒక మిల్లీమీటరు వెడల్పులో 1,350 చుట్లు ఇమిడియున్నవి. ఎఱ్ఱని లేజరు కిరణము ఆ దారివెంట పోవుచు గుర్తులను చదువును.

ఇట్టి డిస్కున 4.7 గిగాబైట్లు, అనగా 470 కోట్ల బైట్లు పట్టును. ఇది చాల పెద్ద సంఖ్యగ తోచును. కాని యొక లెక్క చేసి చూడుడు. మన దేశపు పద్ధతిలో డి.వి.డి. చిత్రము అడ్డముగ 720, నిలువుగ 576 చుక్కలు గలది. మొత్తము 4,14,720 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెల పాళ్లు వ్రాయుటకు మూడు బైట్లు కావలెను. చిత్రము కదలునట్లు కనబడుటకు సెకనుకు 25 చిత్రములు చూపవలెను. వీనినన్నిటిని హెచ్చవేసినచో ఒక్క సెకనునకు 3 కోట్ల 11 లక్షల బైట్లు వచ్చును. 470 కోట్లను దీనిచే భాగించినచో 151 సెకన్లు. అనగా ఉన్నదున్నట్లు వ్రాసినచో డిస్కు మొత్తము రెండున్నర నిమిషముల చిత్రమునకే సరిపోవును!

మఱి రెండు గంటల పెండ్లి అందెట్లు పట్టినది? కుదించి వ్రాయుట వలన. డి.వి.డి.లోని చిత్రము ఎంపెగ్-2 అను పద్ధతిలో అప్పటికే కుదింపబడియున్నది. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

కుదించుట యననేమి?

వ్యాకరణము చదివిన విద్యార్థులకు దీనిని సులభముగ చెప్పవచ్చును. "రాముని యొక్క బాణము" అనుటకు బదులు "రామబాణము" అందుము. మాట చిన్నదైనది, అర్థము పోలేదు. విగ్రహవాక్యము చెప్పుమన్నచో మఱల మొదటి రూపము వచ్చును. కంప్యూటరునందును ఇట్టి కుదింపు కలదు. ఇందేమియు నష్టము కాదు.

రెండవ విధము సారాంశము వ్రాయుట వంటిది. నూఱు పంక్తుల కథను పది పంక్తులలో వ్రాయుమన్నచో విద్యార్థి ముఖ్యవిషయములను ఉంచి తక్కినవానిని విడుచును. చదువువానికి కథ తెలియును గాని, ఆ పది పంక్తుల నుండి మొదటి నూఱు పంక్తులను మఱల తెచ్చుట యెవరికిని సాధ్యము కాదు. చలనచిత్రములను కుదించుట ముఖ్యముగ ఈ రెండవ విధమున జరుగును. విడుచునది మన కంటికి అంతగ తెలియనిదై యుండునట్లు ఏర్పాటు చేయుటయే అందలి నేర్పు.

ఇందు రెండు ఉపాయములు కలవు. మొదటిది ఒక్క చిత్రములోపల జరుగునది. చిత్రమును ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పుగల చిన్న గళ్లుగ విభజించి, ఒక్కొక్క గడిలో కంటికి తోచని సన్నని మార్పులను విడిచివేయుదురు. రెండవది చిత్రమునకును చిత్రమునకును నడుమ జరుగునది. నాటకమున తెర కదలదు, స్తంభము కదలదు, రాజువేషము వేసినవాని చేయి మాత్రము కదలును. అట్టిచో సెకనుకు 25 మాఱులు తెరను వ్రాయనేల? ఒకసారి పూర్ణచిత్రమును వ్రాసి, తరువాతి చిత్రములలో మాఱినదానిని మాత్రమే వ్రాసిన చాలును. కావుననే మైకు ముందు నిలిచి మాటలాడువాని చిత్రము మిక్కిలి చిన్నదగును. కోలాటమును, తేరు లాగు జనసమూహమును అంతగ కుదియవు. వానిలో ప్రతి చుక్కయు కదలుచుండును గదా!

2003లో అంతర్జాతీయ ప్రమాణముగ వెలువడిన హెచ్.264 అను పద్ధతి ఈ రెండుపాయములను మఱింత నేర్పుతో వాడును. గళ్లను అవసరమునుబట్టి పెద్దవిగను చిన్నవిగను చేయును. కదలికను పోల్చుటకు వెనుకటి పెక్కు చిత్రములను చూచును. కావున సుమారు సగము బైట్లతోనే ఎంపెగ్-2తో సమానమైన చిత్రమును ఈయగలదు. తరువాత 2013లో హెచ్.265 అను ఇంకను బలమైన పద్ధతియు వచ్చినది. కాని పాత టి.వి.లును, పాత ఫోనులును దానిని చదువలేవు. ఇంటివారందఱు చూడవలెనన్నచో హెచ్.264 మేలు.

మూలప్రతి, వాడుకప్రతి

ఈ వ్యాసమునందలి ముఖ్యవిషయమిది. డి.వి.డి.లో నున్నది అప్పటికే యొక సారాంశము. దానిని మఱల కుదించినచో సారాంశమునకు సారాంశము వ్రాసినట్లగును. శ్రద్ధతో ఒకసారి చేసినచో భేదము కనబడదు. కాని దానిని మఱియొకరు, ఆ మఱియొకదానిని వేఱొకరు కుదించుచు పోయినచో ముఖములు గళ్లుగళ్లుగ విచ్చిపోవును, గొంతులు తగరపు డబ్బాలోనుండి వచ్చినట్లగును. కావున రెండు ప్రతులు చేయుడు. డిస్కులో నున్నదానిని ఏమియు మార్చక యథాతథముగ ఎత్తిన ప్రతి మూలప్రతి. దానినుండి కుదించి చేసినది వాడుకప్రతి. చూచుటకును, బంధువులకు పంపుటకును వాడుకప్రతి. దాచుటకు మూలప్రతి. ఒక టెరాబైటు హార్డు డిస్కున నిండు డి.వి.డి.లు రెండువందలకు పైగ యథాతథముగ పట్టును. ఒక వీధిలోని యిండ్లన్నిటి డిస్కులకు అది చాలును.

పని చేయు క్రమము

మొదట డిస్కులనన్నిటిని బయటికి తీసి వేఱుచేయుడు. సినిమాలను ప్రక్కనుంచుడు. ఇంటివారి చిత్రములను, ఊరి చిత్రములను ముందు తీసికొనుడు. వానిలోను ఇప్పుడు లేని పెద్దల గొంతు వినబడునవి అన్నిటికంటె ముందు.

రెండవది, డిస్కును శుభ్రము చేయుట. మెత్తని పొడిగుడ్డతో కేంద్రము నుండి అంచు వైపునకు తిన్నగ తుడువవలెను. గుండ్రముగ త్రిప్పి తుడువరాదు. అడ్డముగ పడిన గీతను యంత్రము దాటి చదువగలదు, పోయిన గుర్తులను చుట్టునున్న గుర్తుల సాయముతో లెక్కగట్టుకొనగలదు. దారివెంట పడిన గీత వరుసగ పెక్కు గుర్తులను చెఱచును గనుక దానిని సవరించుట కష్టము.

మూడవది, మూలప్రతి యెత్తుట. కంప్యూటరునకు డిస్కు అర లేనిచో యు.ఎస్.బి. తీగతో తగిలించు డి.వి.డి. డ్రైవు విడిగ దొరకును. నాలుగు కుటుంబములవారు కలిసి యొకటి కొనినను చాలును. డిస్కును తెఱచినచో వీడియో-టి.ఎస్. అను ఫోల్డరు కనబడును. అందు వి.ఓ.బి. అను ముగింపుగల పెద్ద ఫైళ్లలో చిత్రమును ధ్వనియు ఉండును. ఒక్కొక్కటి ఒక గిగాబైటునకు మించకుండ ముక్కలుగ చేయబడియుండును. తక్కిన చిన్న ఫైళ్లు ఆ ముక్కల వరుసను తెలుపునవి. కావున పెద్దవానిని మాత్రమే గాక ఫోల్డరును మొత్తముగ హార్డు డిస్కులోనికి ఎత్తుకొనవలెను.

కొన్ని పాత డిస్కులు డి.వి.డి.లు గాక వి.సి.డి.లై యుండవచ్చును. వానిలో ఎంపెగ్-ఎ.వి. అను ఫోల్డరున డి.ఎ.టి. ముగింపుగల ఫైళ్లుండును. వాని చిత్రము 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే గలది. ఆ ఫైళ్లను అట్లే యెత్తుకొనుడు. పెద్దదిగ మార్చినంత మాత్రమున లేని స్పష్టత రాదు. ఒక డిస్కు మీ డ్రైవులో చదువబడనిచో వెంటనే నిరాశ చెందవలదు. డ్రైవులన్నియు ఒకే విధముగ చదువవు. మఱియొక యింటి డ్రైవులో చదువబడవచ్చును.

నాలుగవది, కుదించి వాడుకప్రతి చేయుట. దీనికి హ్యాండ్‌బ్రేక్ అను ఉచితమైన ప్రోగ్రాము కలదు. 2003 నుండి స్వచ్ఛందముగ పనిచేయువారు దీనిని పెంచుచున్నారు. దానిని తెఱచి, సోర్సు అనుచోట మూలప్రతి ఫోల్డరును చూపుడు. అందలి భాగములు టైటిళ్లను పేరుతో కనబడును. ఎక్కువ నిడివిగలది ముఖ్యచిత్రము. పిమ్మట ప్రీసెట్లలో 576పి25 అనుదానిని, ఫార్మాటులో ఎం.పి.4 అనుదానిని ఎన్నుకొనుడు.

ఇక వీడియో అను భాగమున నాణ్యమును నిర్ణయించు మీట యొకటి యుండును. దానిపై అంకె తగ్గినకొలది చిత్రము మేలగును, ఫైలు పెద్దదగును. అంకె పెరిగినకొలది చిత్రము చెడును, ఫైలు చిన్నదగును. డి.వి.డి. చిత్రములకు 18 మొదలు 22 వఱకు తగినది. 20 వద్ద నుంచినచో సాధారణముగ సరిపోవును. ఫైలు ఇంత బరువే యుండవలెనని పట్టుబట్టక, నాణ్యము ఇట్లుండవలెనని కోరుటయే ఈ పద్ధతిలోని మేలు. అప్పుడు ప్రసంగమునకు తక్కువ, కోలాటమునకు ఎక్కువ బైట్లను ప్రోగ్రామే కేటాయించుకొనును. సగటున సెకనుకు 20 లక్షల బిట్లు పట్టినదనుకొనుడు. ఎనిమిది బిట్లొక బైటు గనుక గంటకు 90 కోట్ల బైట్లు, అనగా 900 మెగాబైట్లు అగును. 64 గిగాబైట్ల పెన్ డ్రైవులో 65 గంటలకు పైగ చిత్రములు పట్టును.

పెండ్లి చిత్రములలో చేయి త్వరగ కదలినచోట దువ్వెన పండ్లవంటి అడ్డగీతలు కనబడుట కలదు. పాత టి.వి.ల కొఱకు ఒక్కొక్క చిత్రమును బేసి పంక్తులు, సరి పంక్తులు అని రెండు భాగములుగ, క్షణభేదముతో తీయుటయే దీనికి కారణము. ఫిల్టర్స్ అను భాగమున డీఇంటర్‌లేస్ అను ఏర్పాటును వాడినచో ఆ గీతలు పోవును. ఇది వాడుకప్రతికి మాత్రమే. మూలప్రతిని ముట్టరాదు.

ధ్వని విషయమున పిసినితనము కూడదు. ఎ.ఎ.సి. అను పద్ధతిలో సెకనుకు 160 కిలోబిట్లు ఉంచినను గంటకు 72 మెగాబైట్లే యగును. చిత్రమునకైన 900 ముందర ఇది యెంత? అవ్వ పాటలోని ఒక్కొక్క అక్షరము వినబడవలెనని గదా మన ప్రయాసమంతయు. కావున ధ్వనిని తగ్గించి చోటు మిగుల్చుకొన చూడవలదు.

ఐదవది, సరిచూచుట. కుదింపు ముగిసిన వెంటనే డిస్కును పాఱవేయరాదు. ఫైలును తెఱచి మొదట, నడుమ, చివర చూడుడు. పెదవుల కదలికకును మాటకును పొందిక యున్నదో లేదో గమనింపుడు. డిస్కు నిడివియు ఫైలు నిడివియు సరిపోల్చుడు. వార్తాపత్రిక అచ్చగుటకు ముందు తప్పులు దిద్దువాడు ప్రూఫు చూచినట్లు చూడవలెను.

ఆఱవది, పేరు పెట్టుట. "వీడియో1", "వీడియో2" అను పేర్లు పదేండ్ల తరువాత ఎవరికిని దేనిని తెలుపవు. ముందు సంవత్సరము, నెల అంకెలలో వ్రాసి, పిదప సందర్భమును, ఊరిని వ్రాయుడు. "2009-05 పెద్దక్క పెండ్లి డెంకణికోట" అనునది మంచి పేరు. అంకెలు ముందుండుట వలన ఫైళ్లు కాలక్రమమున వాటంతటవే నిలుచును. పేర్లను తెలుగులిపిలో వ్రాయుటకు నేటి కంప్యూటర్లలో అడ్డులేదు. కొన్ని పాత టి.వి.లు తెలుగక్షరములకు బదులు వట్టి గళ్లను చూపును. అప్పుడును ముందున్న అంకెలను బట్టి ఫైలును గుర్తింపవచ్చును.

ఇంట చూచు విధము

సులభమైన మార్గము పెన్ డ్రైవు. వాడుకప్రతులను అందులోనికి ఎత్తి టి.వి. వెనుకనో, ప్రక్కనో నున్న యు.ఎస్.బి. రంధ్రమున పెట్టినచో ఫైళ్ల పట్టిక తెరపై కనబడును. ఎం.పి.4 రూపమున హెచ్.264 చిత్రము, ఎ.ఎ.సి. ధ్వని గల ఫైలును యు.ఎస్.బి. గల టి.వి.లలో చాలభాగము చదువగలవు. చిత్రము కనబడి ధ్వని రానిచో, ధ్వని వేఱు పద్ధతిలో నున్నదని తెలిసికొని, ఆ ఫైలును మఱల మూలప్రతి నుండియే చేసికొనవలెను.

పెన్ డ్రైవు విషయమున ఒక సూక్ష్మము కలదు. దానిని ఫ్యాట్32 అను క్రమమున సిద్ధపఱచినచో పాత టి.వి.లును చదువును. కాని ఆ క్రమమున ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లను మించరాదు. మన వాడుకప్రతులు అంతకు తక్కువయే గనుక ఇబ్బంది లేదు.

టి.వి.కి యు.ఎస్.బి. లేనిచో, లేదా అది ఫైలును చదువనిచో, కంప్యూటరును హెచ్.డి.ఎం.ఐ. తీగతో టి.వి.కి కలిపి, వి.ఎల్.సి. అను ఉచిత ప్రోగ్రాముతో చూడవచ్చును. ఈ వి.ఎల్.సి. ఎకోల్ సెంట్రాల్ ప్యారిస్ అను ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు 1996లో ఆరంభించిన పని. 2001 నుండి అది స్వేచ్ఛగ వాడుకొను అనుమతితో లోకమునకు అందినది. వి.ఓ.బి., డి.ఎ.టి. ఫైళ్లను గూడ అది యట్లే చదువును. ఫోనులయందును దొరకును. విద్యార్థులు చేసిన పని లోకమున కెట్లు ఉపకరించునో చూడుడు!

పాత చిత్రముల ఆకారము నేటి టి.వి. కంటె కొంచెము చదరము. వెడల్పు నాలుగు పాళ్లయినచో ఎత్తు మూడు పాళ్లు. టి.వి. దానిని తెరనిండ సాగదీసినచో మనుష్యులు పొట్టిగను లావుగను కనబడుదురు. రిమోటులో ఆకారమును 4:3 అనుచోట నుంచుడు. ఇరుప్రక్కల నల్లని పట్టీలు వచ్చినను చింతలేదు, తాతగారు తాతగారివలె నుందురు.

బంధువులకు పంపునపుడు వాట్సాప్‌లో చిత్రముగ పంపినచో అది దారిలో మఱల కుదింపబడును. డాక్యుమెంటుగ పంపినచో మార్పు లేకుండ చేరును. 2022 నుండి ఇట్లు 2 గిగాబైట్ల వఱకు పంపవచ్చును. అట్లు చేరినదానిని మూలప్రతిగ భావింపరాదు.

మూలప్రతులు రెండు వేఱువేఱు హార్డు డిస్కులయందు, వీలైనచో రెండు వేఱువేఱు ఇండ్లయందు ఉండవలెను. పెన్ డ్రైవు ప్రయాణమునకే గాని నిలువకు తగినది కాదు. ఏడాదికొకసారి ఆ హార్డు డిస్కులను తెఱచి చూచుచుండుడు. ఐదాఱేండ్లకొకసారి క్రొత్తదానిలోనికి ఎత్తుడు. కంప్యూటరు ఫైలుకూడ తాళపత్రము వంటిదే. ఎత్తుచున్నంతకాలమే యుండును.

చట్టమును, మర్యాదయు

వ్యాపారమునకు అమ్మిన సినిమా డిస్కులకు సాధారణముగ రహస్యపు తాళము వేయబడియుండును. హ్యాండ్‌బ్రేక్ ఆ తాళమును తీయదు. స్టూడియోవారు మనకు వ్రాసి యిచ్చిన ఇంటి డిస్కులకు తాళముండదు. సినిమాలకు ప్రతులెత్తి పంచుటయు, అమ్ముటయు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునకు విరుద్ధము. 2012లో ఆ చట్టమున 65ఎ అను విభాగమును చేర్చి, హక్కులను భంగపఱచు నుద్దేశముతో అట్టి తాళములను ఛేదించుటను గూడ నేరముగ నిర్ణయించిరి. కావున మన శ్రమ మన చిత్రములపై నుండుగాక.

మన చిత్రములయందును మర్యాద పాటింపవలెను. పెండ్లిలోని స్త్రీలు, పిల్లలు లోకమంతయు చూచుటకు చిత్రింపబడినవారు కారు. వారి యనుమతి లేనిదే అట్టి చిత్రములను అంతర్జాలమున పెట్టవలదు. ఇంటిలో భద్రపఱచుట వేఱు, బజారులో పఱచుట వేఱు.

విద్యార్థులు చేయదగిన పని

ఇంతవఱకు చెప్పినది యంత్రము చేయు పని. యంత్రము చేయలేని పని యొకటి కలదు. చిత్రములో పాడునది ఎవరు? ఆమె యే యూరి యాడుబిడ్డ? ఆ పాటలోని ఈ మాటకు అర్థమేమి? ఈ ప్రశ్నలకు కంప్యూటరు బదులు చెప్పదు. ఇంటిలోని పెద్దలు చెప్పగలరు, అదియు వారున్నంతకాలమే.

కావున వాడుకప్రతి సిద్ధమైన దినమున అవ్వనో, తాతనో టి.వి. ముందు కూర్చుండబెట్టి, మీరొక నోటుపుస్తకముతో ప్రక్కన కూర్చుండుడు. ఫైలు పేరు, తేది, ఊరు, కనబడువారి పేర్లు, వారి వరుసలు వ్రాయుడు. పాట వచ్చినపుడు ఆపి, మాట మాటయు తెలుగులో వ్రాసికొనుడు. తెలియని మాట నడుగుడు. వారు పలికినది పలికినట్లు వ్రాయుడు, పాఠ్యపుస్తకపు భాషలోనికి దిద్దవలదు. మన ప్రాంతపు పలుకునకు అదియే విలువ. ఆ నోటుపుస్తకమును ఫోటో తీసి, ఆ ఫోటోను మూలప్రతి ప్రక్కనే దాచుడు.

తల్లిదండ్రులకొక విన్నపము. ఇంట నున్న డిస్కులను పాతసామానుల వానికి వేయకముందు మీ పిల్లల కొకసారి చూపుడు. ఒక సెలవుదినమున ఒక డిస్కు చొప్పున ఎత్తినను వేసవి ముగియులోపల అల్మారులోని డిస్కులు చాలవఱకు తీఱును. ఖర్చు స్వల్పము, కావలసినది ఓపిక. తెలుగు బడిలో చదువుచున్న మన పిల్లలు తమ యింటి తెలుగును తమ చెవులతో విని, తమ చేతులతో వ్రాసికొనుటకు ఇంతకంటె తేలికయైన అవకాశము లేదు. డిస్కుమీది రంగు వెలియక ముందే ఈ పని మొదలుపెట్టుడు.